లేనిచోట కిటికీ

చిరుగు ఆనవాలు లేకుండా పోగుకు పోగు కలిపి అల్లే రఫ్ఫు పనే ఆమె బతుకు. అందుకే వీధంతా రఫ్ఫక్క అంటుంది. ఆ పనికి సూది కన్నా పగటి వెలుతురు ముఖ్యం. ట్యూబులైటు కింద నలుపూ ముదురు నీలమూ అక్కాచెల్లెళ్లలా కలిసిపోతాయి.

ఎదురింటివాళ్లు పైన ఇంకో అంతస్తు లేపారు. ఆమె ఒళ్లోని మధ్యాహ్నాన్ని ఎవరో మడతపెట్టి తీసుకుపోయినట్టయింది. కొన్నాళ్లకే ఒక నల్లకోటుకు నీలం దారం వేసింది. కోటాయన మర్నాడు దాన్ని తిరిగి తెచ్చి పడేసి, "ఇన్నేళ్ల చెయ్యి నీది, ఇదేంటక్కా?" అన్నాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

వెనక గోడకు కిటికీ పెట్టించాలనుకుంది.

"పర్మిషన్ కావాలేమో," అంది.

"మన గోడకు మనం కన్నం వేసుకుంటే దొంగతనమా?" అన్నాడు భర్త.

"మొన్ననే ఒకళ్లింట్లో కిటికీ మార్చానమ్మా, అడిగిన నాథుడు లేడు," అన్నాడు మేస్త్రి.

కన్నం పడీ పడగానే, మున్సిపాలిటీవాళ్లు వచ్చి పని ఆపమని గోడకు కాగితం అంటించి పోయారు. ఆమె ఆఫీసుకు పరుగెత్తింది.

"ఉన్న కిటికీ తీసి అదే కొలతకు ఇంకోటి పెడితే మరమ్మతు. లేనిచోట పెడితే నిర్మాణం, దానికి అనుమతి ఉండాలి," అన్నాడు ఇంజనీరు. "వచ్చి చూసేదాకా ముట్టుకోకండి."

రాలేదు. ప్లాను గీయించుకు రమ్మన్నారు. గీయించుకు వెళితే, చూడాల్సినాయన సెలవు. ఈలోగా వానలు. కన్నానికి టార్పాలిన్ కట్టింది. గోడ పగలగొట్టి మరీ చీకటి తెచ్చుకున్నట్టుంది. బుట్టలో బట్టలు పేరుకుపోతున్నాయి. కోటు అన్నిటికంటే పైన ఉంది.

"గోడక్కూడా రఫ్ఫు చేసెయ్యవే, పీడా పోతుంది," అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు.

చివరికి ఇంజనీరు వచ్చాడు. వెనక సందులోకి టేపు లాగి పెదవి విరిచాడు. "పక్కవాళ్ల హద్దుకు మరీ దగ్గర. కిటికీ కుదరదు. పూడ్చేయండి."

ఆమె బట్టల బుట్టకేసి చెయ్యి చూపింది. "మరి నాకు వెలుతురెలాగండీ?"

అతను తలెత్తి పైకప్పు చూశాడు. "రేకులేగా. ఒకటి తీసి వెలుతురొచ్చే ప్లాస్టిక్ రేకు వేసుకోండి. రేకుకు రేకంటే మరమ్మతే. ఎవర్నీ అడగక్కర్లేదు."

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదా?"

"మీరు కిటికీ గురించి అడిగారు," అన్నాడు, టేపు చుట్టుకుంటూ.

రేకు మార్చిన రోజే మేస్త్రి కన్నం పూడ్చాడు. పాత గోడ మీద కొత్త సిమెంటు మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. చేతకాని రఫ్ఫు.

ఆమె దానికి వీపు పెట్టి కూర్చుంది. పైనుంచి పాల రంగు వెలుతురు ఒళ్లో పడింది.

"కోపం తగ్గిందా?" అన్నాడు భర్త గుమ్మంలోంచి.

"దారం కనిపిస్తోంది," అంది. కోటులోంచి నీలం పోగులు ఒక్కొక్కటే పీకి నేల మీదికి విసురుతోంది.