కలెక్టరేట్ గుమ్మంలో

నాకున్న పార్కిన్సన్స్ జబ్బుకి మందులు ఉచితంగా ఇవ్వాలని రెండేళ్లు ఒంటరిగా అర్జీలు పెట్టాను. అదే జబ్బున్న చీరల కొట్టు సుశీలగారు రోగులందరినీ కూడగట్టి సంఘం పెట్టగానే అందరూ ఆవిడనే పొగడసాగారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ సోమవారం సంఘం విజయవాడ కలెక్టరేట్‌కు వస్తోందని తెలిసి, ముందే వెళ్లి వరుసలో మొదట నిలబడ్డాను. పిలుపు రాగానే సరిగ్గా గుమ్మంలో నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ఈ జబ్బుకి గుమ్మాలంటే పడదు. వెనక జనం విసుక్కుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతలో సుశీలగారు వచ్చారు. ఒక చేత్తో గోడ పట్టుకుని, తన చేతికర్రను నా పాదాల ముందు అడ్డంగా పెట్టారు.

"దీన్ని దాటండి టీచరుగారూ, కాలు అదే వస్తుంది."

దాటాను. లోపల ఇద్దరం కలిసి ఒకే అర్జీ ఇచ్చాం.

ఆవిడ మీద కుళ్లు ఇంకా పూర్తిగా పోలేదు. కానీ గుమ్మం కనబడితే ముందు ఆవిడ కర్ర కోసమే చూస్తాను.