సముద్రం మీద పదకొండు చుక్కలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, టెక్కలిలోని ఒక డిగ్రీ కళాశాలకు తెలుగు అధ్యాపకురాలిగా బదిలీ మీద వచ్చాను. నా సర్వీసులో అది ఆరో కళాశాల. చేరిన వారంలోనే ప్రిన్సిపాల్ పిలిచి, ఆ ఏడే మొదలైన నైపుణ్య కోర్సు ఒకటి నాకు అప్పగించారు. దాని పేరు డిజిటల్ హ్యుమానిటీస్. కంప్యూటర్ అధ్యాపకుడు అది భాషలవాళ్ల పని అన్నాడట, చరిత్ర అధ్యాపకుడు కంప్యూటర్ వాళ్ల పని అన్నాడట. కొత్తగా చేరినదాన్ని కనుక కాదనే వీలు నాకు లేకపోయింది. ఐదు రోజుల ఆన్‌లైన్ శిక్షణ తీసుకున్నాను. కరెంటు ఉన్నంతసేపు విన్నాను.

జనం మాటను, పాటను, రాతను యంత్రం చదవగలిగేలా భద్రపరిచి, వెతకడానికీ పోల్చడానికీ పటం మీద చూపడానికీ వీలు కల్పించడం స్థూలంగా ఈ శాస్త్రం పని. మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు మూడే. అందుకని పిల్లల ఫోన్లతోనే మొదలుపెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ల చేత వాళ్ల పని గురించి మాట్లాడించి రికార్డు చేయాలి, విన్నది విన్నట్టు రాయాలి, ఎవరు ఎక్కడ ఎప్పుడు మాట్లాడారో ఒక పట్టీలో నింపాలి. ఆ పట్టీని మెటాడేటా అంటారు. అది లేకపోతే పదేళ్ల తర్వాత ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు.

మొదటి వారం వచ్చిన రాతలన్నీ పాఠ్యపుస్తకాల భాషలో ఉన్నాయి. రికార్డులో ముసలమ్మ 'సూడు' అంటే కాగితం మీద 'చూడుము' అని ఉంది. నేను వాటిని తిప్పి ఇచ్చేశాను. చివరి సంవత్సరం బీఏ చదువుతున్న దమయంతి లేచి, "ఇన్నాళ్లూ మా మాటలు రాత్తే తప్పులని మార్కులు తీసీసినారు. ఇప్పుడు మీరే రాయమంతన్నారేటి మేడమ్?" అని అడిగింది. అలా మార్కులు తీసేసిన అధ్యాపకుల్లో నేనూ ఒకదాన్ని. అవునన్నాను.

దమయంతిది సోంపేట అవతల సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. ఆ అమ్మాయి వాళ్ల తాత అప్పన్న చేత నలభై నిమిషాలు మాట్లాడించి తెచ్చింది. నీటి అడుగున రాళ్లున్న చోట చేపలు చేరతాయి. ఏ పరికరమూ లేకుండా ఆ చోటు పట్టుకోవడం ఎలాగో ఆయన చెప్పాడు. పడవలోంచి చూస్తే కొండ మీది ఫలానా వంపు ఫలానా సరుగుడు తోటకు సూటిగా రావాలి. అదే సమయంలో ఇంకో పక్క ఇంకో రెండు గుర్తులు కలవాలి. ఆ రెండు గీతలు కలిసేచోట వల వేయాలి. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను గానీ, అంత చక్కటి వివరణ ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

దమయంతి ఫోన్‌లో పటం తెరిచి తాత చెప్పిన గీతలన్నీ గీసింది. పదకొండు చోట్ల కలిశాయి. పదకొండు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కకు తాత గొంతు జోడించింది. కళాశాల పేజీలో అందరికీ కనిపించేలా నేనే పెట్టించాను. అనుమతి పత్రం మీద అప్పన్న సంతకం ఉంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: రికార్డు చేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ వాక్యం రాసింది నేను. నాణ్యత మదింపు బృందం రాబోతోందని ప్రిన్సిపాల్ ఆ పటాన్ని వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపారు. నన్ను మెచ్చుకున్నారు కూడా.

నెల తిరక్కుండానే దమయంతి క్లాసుకు రావడం మానేసింది. ఫోన్ తీయలేదు. ఒక శనివారం సోంపేట దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. అప్పన్న ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మిగతా మగవాళ్లంతా చేపల వేటకు పోయి ఉన్నారు. దమయంతి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది గానీ నా మొహం చూడలేదు.

జరిగింది ఆయనే చెప్పాడు. ఎక్కడివో పెద్ద మరబోట్లు మూడు వచ్చి, ఆ పదకొండు చోట్లలో రెండింటి మీద సూటిగా ఆగి, మూడు రోజులు వల లాగి వెళ్లాయి. పటం చూసి వచ్చాయో, వేరేగా తెలిసి వచ్చాయో ఎవరికీ తెలియదు. ఊళ్లో మాత్రం పటం ఫోన్ల మీద అప్పటికే తిరుగుతోంది. పెద్దలు కూర్చుని అప్పన్నను ఎవరూ పడవ ఎక్కించుకోకూడదన్నారు.

"ఈ గుంట అడిగినాదని సెప్పినానమ్మా. లోకానికంతా సెప్పీమని నాను సెప్పనేదు," అన్నాడు మనవరాలిని చూపిస్తూ. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

సోమవారమే పటం తీసేయిస్తానన్నాను.

"తీసీసినా సూసినోలు సూసీసినారు గదా."

సాయంత్రం పడవలు వచ్చాక ఊరి పెద్దల దగ్గరికి వెళ్లాను. తప్పు అప్పన్నది కాదు, పిల్లదీ కాదు, పేజీలో పెట్టించింది నేనని చెప్పాను. వాళ్లలో ఒకాయన, "ఆ సోట్లు అప్పన్నొక్కడివే కాదమ్మా. మా తాతలందరూ ఎతికి పట్టినవి. ఆడు సెప్పడానికి ఆడికేటి అక్కుంది, మీరు ఎట్టడానికి మీకేటి అక్కుంది?" అన్నాడు.

సోమవారం ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. మదింపు అయ్యేదాకా పది రోజులు ఆగమన్నారు. ఆగలేదు. ల్యాబ్‌లో నా పక్కన కూర్చుని, ఆ పని కోసమే వచ్చిన దమయంతే ఒక్కో చుక్కా తీసేసింది. మర్నాడు అనుమతి లేకుండా విభాగం పనిని తొలగించినందుకు నాకు సంజాయిషీ మెమో వచ్చింది. అర పేజీ జవాబు రాసిచ్చాను. మదింపులో మా కోర్సుకు తక్కువ గ్రేడు పడింది. పోరాడే ఓపిక అప్పటికే నాలో లేదు, ఆ గ్రేడు మీద నాకు పెద్ద పట్టింపూ లేదు.

అప్పన్నను రెండు నెలల తర్వాత మళ్లీ పడవ ఎక్కించుకున్నారు. ఆ రెండు నెలలూ ఆయన ఒడ్డునే ఉన్నాడు, నేను టెక్కలిలో పాఠాలు చెప్పుకుంటూనే ఉన్నాను. దమయంతి తిరిగి వచ్చి కోర్సు పూర్తి చేసింది. ఈసారి చోట్లు లేకుండా, గాలులకూ నీటి రంగులకూ వాళ్ల ఊళ్లో ఉన్న పేర్లతో పట్టిక చేసింది. ఒక్కో మాటను పేజీలో పెట్టే ముందు ఊళ్లో చదివి వినిపించింది. నాలుగు మాటలు వద్దన్నారట. ఎందుకని నేను అడగలేదు. మరుసటి ఏడు ఆ కోర్సు వేరొకరికి ఇచ్చారు.

నేను నేర్చుకున్నది ఇంతే. రికార్డు చేయడానికి అనుమతి వేరు, ప్రచురించడానికి అనుమతి వేరు. రెండింటికీ ఒకే సంతకం చాలదు. మాట్లాడినవాడు చెప్పినంత మాత్రాన ఆ విషయం అతనొక్కడిదే అయిపోదు. ఏ ఊరి జ్ఞానాన్నైనా తెరకు ఎక్కించే ముందు, అది బయటపడితే ఎవరి కూటికి ఎసరో విద్యార్థి చేత ముందుగా రాయించాలి. నేను తీసుకున్న శిక్షణలో ఆ పాఠం లేదు, నేను చెప్పిన సిలబస్‌లోనూ లేదు.