సువార్తమ్మ లాగిన ఎర్ర తాడు

అంబాజీపేట శివార్లలోని కొబ్బరి పొడి ఫ్యాక్టరీలో ఎర్ర తాడు కట్టిన రోజున సువార్తమ్మ నమ్మలేదు. నమ్మేదెలా? కువైట్‌లో ఇంటిపనికి ఉన్నన్నాళ్లూ ఫ్రిజ్ తలుపు తీయాలన్నా మేడమ్ మొహం చూడాల్సి వచ్చిన మనిషి. ఇక్కడేమో మేనేజరు సూర్యప్రకాశరావు గారు జపాన్ పద్ధతుల మీద ఎక్కడో శిక్షణ పొంది వచ్చి, నేల మీద పసుపు గీతలు గీయించి, చీపురుకి కూడా గోడ మీద చోటు కేటాయించి, చివరికి ఈ తాడు చూపించారు. బెల్టు మీద కొబ్బరి ముక్కలు మరలోకి వెళుతుంటాయి, ఆడవాళ్లు ఇరుపక్కలా నిలబడి చెడ్డవి ఏరుతుంటారు. ఎవరికి ఏ తేడా కనిపించినా తాడు లాగొచ్చట, బెల్టు ఆగిపోతుందట, ఎందుకు ఆపావని ఎవరూ కోప్పడరట.

వినడానికి బాగానే ఉంది. లాగేదెవరు? మనవాళ్ల మర్యాద తెలిసిందే కదా. పక్కావిడ చెడ్డ ముక్క వదిలేస్తే గబుక్కున తామే తీసి పడేస్తారు గాని, నలుగురిలో ఆవిడ పరువు తీస్తారా? పైగా దసరాకి యంత్రాలతో పాటు తాడుకీ పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఇక దాన్ని ముట్టుకోవడమే అపచారమైపోయింది.

జపాన్ నుంచి సరుకు కొనే ఆయన చూడడానికి వస్తున్నాడని తెలిసి మేనేజరు గారికి కంగారు పుట్టింది. ఎవరూ తాడు లాగరని తెలిస్తే తలకొట్టేసినట్టవుతుందని, అందరూ లాగి తీరాలని చెప్పారు. మరునాడు ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ముందు మీరు లాగండంటే మీరు కానివ్వండంటూ, ఒకరి తరవాత ఒకరు లాగేశారు. మాటిమాటికీ బెల్టు ఆగి, సరుకు తయారవక లారీ సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడిపోయింది. ఇంతకన్నా తెలివితక్కువ సంబరం ఆ చుట్టుపక్కల జరిగి ఉండదు.

సువార్తమ్మకి మాత్రం ఆ రోజు మరోలా గుర్తుండిపోయింది. తన వంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని లాగింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఇంటికెళ్లి భర్త ఇశ్రాయేలుతో, "నేను లాగితే ఆగిందండీ," అంది.

కొన్నాళ్లకి, ఆమె ఎదురుగా నిలబడి పనిచేస్తున్న ఆదిలక్ష్మి గ్లౌజు అంచు బెల్టు చివర రోలరులో చిక్కుకుంది. చెయ్యి లోపలికి పోతోంది. సువార్తమ్మ ఒక్క ఉదుటున తాడు లాగింది. బెల్టు ఆగలేదు. మళ్లీ లాగింది, ఈసారి ఒంట్లో బలమంతా పెట్టి. తాడు ఊడి చేతిలోకి వచ్చేసింది, ఎండిపోయిన బంతిపూలు నెత్తిమీద రాలాయి. ఎలక్ట్రీషియన్ గంగబాబు పరుగెత్తి మెయిన్ ఆపేసరికి ఆదిలక్ష్మి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాక కూడా సువార్తమ్మ తాడు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. కొస చూసింది. బెల్టు ఆపే స్విచ్చికి వెళ్లాల్సిన తీగ లేదు. ఇప్పుడది ఉత్త మేకుకి కట్టిన తాడు. మేనేజరు గారు వచ్చి, ఆమె చేతిలోకి చూడలేక నేల మీది పసుపు గీతల వైపు చూశారు.

"తీగ నేనే తీయించేనమ్మా. లారీ ఆగిపోయిన మర్నాడు. సరుకు చూడవచ్చే ఆయనకి తాడు కనబడితే చాలనుకున్నాను." గీతల మీంచి చూపు తిప్పకుండానే, "అవసరమొచ్చి మీరు నిజంగా లాగుతారనుకోలేదు," అన్నారు.

సువార్తమ్మ తాడు కొసని ఆయన కళ్లెదుటికి ఎత్తి పట్టుకుంది.

ఇప్పుడు ఆ తాడుకి తీగ ఉంది, దండ లేదు. ఆదిలక్ష్మి ప్యాకింగులో కూర్చుని ఎడం చేత్తో సంచులకి సీలు వేస్తోంది. రోజూ పొద్దున్నే బెల్టు కదలగానే సువార్తమ్మ తాడు లాగుతుంది. మేనేజరు గారు తలుపు దగ్గర నిలబడి చూస్తారు గాని ఎందుకు ఆపావని అడగరు. మొన్న కొత్తగా చేరిన ఆఫీసరొకాయన, తప్పెక్కడ కనిపించిందని ఆమెను అడిగాడు.

"తప్పేం లేదండీ. ఆగుతాదో లేదో చూస్తన్నానండీ," అంది సువార్తమ్మ, తాడు వదలకుండా.