రైలు చాటు మాట

ముందు గరిటెలు మోగుతాయి. గోడ మేకులకు వేలాడే గరిటెలు, మూతలు ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుంటున్నట్టు సన్నగా గలగలమంటాయి. తరవాత అల్మారాలో గాజుగ్లాసులకు చలి పుడుతుంది. రైలు ఇంకా కనపడదు, కూత కూడా వినపడదు. కింది గుమ్మంలోంచి ఒక ఆడగొంతు "నేనే అక్కడ ఉండుంటేనా, దాని జుట్టు" అంటూ మధ్యలో తెగిపోతుంది. రైలొస్తుంది. లోకమంతా రేకుల చప్పుడైపోతుంది. రైలు పోతుంది. "పట్టుకుని స్టేషను దాకా ఈడ్చుకెళ్ళేదాన్ని" అని అదే గొంతు, తెగిన చోటునుంచే, ఊపిరైనా కొత్తగా తీసుకోకుండా అందుకుంటుంది.

ఆ గొంతు ఆలింగ్ చోలెంగ్‌ది. మా సందులో పెద్ద ఆడవాళ్ళంతా ఆలింగ్‌లే, పెద్ద మగవాళ్ళంతా మాంగ్‌లే. మనీలాలో శాంటా మెసా స్టేషను దాటాక పట్టాలకు రెండు పక్కలా ఒరిగి నిలబడ్డ ఇళ్ళలో ఆమెదొకటి. పైగదిలో చాలా ఏళ్ళుగా నేనుంటున్నాను. ఇక్కడ ఎవరూ రైలు చప్పుడును మించి గొంతు పెంచరు. మాట మధ్యలో ఆపి, నోట్లో చప్పరింపు బిళ్ళలా దాచుకుని, రైలు పోయాక మళ్ళీ తీస్తారు. "ఏమంటున్నాను?" అని అడిగినవాణ్ణి బయటివాడిగా లెక్క కడతారు. పసిపిల్లలు రైలుకు నిద్రపోతారు, అది ఆలస్యమైతే లేచి ఏడుస్తారు.

చోలెంగ్ ఇంట్లో బాల యేసు కూడా రైలుకు అలవాటుపడ్డాడు. అల్మారా మీద ఎర్రటి అంగీలో నిలబడ్డ ఆ చెక్కబొమ్మ, రైలు రైలుకీ ఇంత చొప్పున జరిగి, సాయంత్రానికి అంచుకొచ్చి నిలబడేవాడు. ఆమె వెనక్కి నెడుతూ, "ఎక్కడికయ్యా ప్రయాణం? టికెట్టుందా?" అనేది. ఒకసారి జిగురు పెట్టి అంటించింది. ఆయన అల్మారా గుడ్డతో సహా బయల్దేరాడు.

ఆమె పని అరటికాయలు వేయించడం. నల్లచక్కెరలో పొర్లించి, పుల్లకు గుచ్చి అమ్మేది. బొగ్గుల పొయ్యి పట్టాల పక్కనే. గరిటెలు మోగగానే పొయ్యిని గుమ్మంలోకి లాగేది, రైలు పోగానే బయటికి నెట్టేది. మొగుడు కనోర్ పోయి చాలా కాలమైంది. "తాగి తాగి ఏదో ఒకరోజు రైలు కింద పడతాడనుకున్నా. సచ్చినోడు, చేపముల్లు అడ్డంపడి పోయాడు. ఇన్ని రైళ్ళు పెట్టుకుని!" అనేది, రైల్వేవాళ్ళకు జరిగిన అవమానంలాగా.

పట్టాలకు అవతల, సరిగ్గా ఎదురుగా, మాంగ్ దెన్సియో ఇల్లు. రేకుల పని చేస్తాడు, డాబా మీద పావురాలు పెంచుతాడు. భార్య లేదు. నోట్లో మాట అంతకన్నా లేదు. ఎదురుపడితే తల దించుకుని చెప్పుల్ని చూసుకుంటూ వెళ్ళిపోతాడు. కాని సాయంత్రం నాలుగున్నర రైలు వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలోకొచ్చి గొంతు చించుకుని ఏదో అరుస్తాడు. మన వైపునుంచి చూస్తే బోగీకీ బోగీకీ మధ్య సందుల్లో అతను ముక్కలు ముక్కలుగా కనిపిస్తాడు. తెరిచిన నోరు, ఎగిరిన చెయ్యి, మళ్ళీ నోరు. రైలు పోయాక ఖాళీ గుమ్మం.

"ఏమంటున్నాడు?" అని ఒకరోజు అడిగాను.

చోలెంగ్ పుల్లలు సర్దుకుంటూ, చెవుల దాకా ఎర్రబడింది. "ఏమంటాడు! పెళ్ళి చేసుకుందామంటున్నాడు."

"వినపడిందా?"

"వినపడాలేంటే అమ్మాయ్? చెయ్యి చూడు. అరచెయ్యి కిందికి పెట్టి, రా రా అని ఎట్లా పిలుస్తున్నాడో. మొగోడు అంత గింజుకుంటూ ఇంకేం అడుగుతాడు? పిరికోడు, అందుకే రైలు చాటున."

"నువ్వేమంటావు మరి?"

"నేనూ రైలు చాటునే అంటా."

ఆ మాటలో ఆమె ప్రాణం పెట్టుకుంది. పోయిన ఏడు పట్టాల పక్కవాళ్ళకు ఊరి శివార్లలో ఇళ్ళిస్తామన్నారు. కుళాయి ఉంది, కిటికీకి అద్దాలున్నాయి, రైలు లేదు. చాలామంది పోయారు. చోలెంగ్ పోలేదు. "అక్కడ నాలుగున్నరకు ఏముంటుంది?" అని అడిగిందట అధికారిని. ఆయన ఏమీ ఉండదమ్మా, ప్రశాంతంగా ఉంటుందన్నాడు. అయితే మీరే పొండి అంది.

ఈస్టరుకు ముందొచ్చే పవిత్ర వారంలో గురువారంనుంచి శనివారం దాకా రైళ్ళుండవు, పట్టాలు బాగుచేస్తారు. ఏటా ఆ మూడు రోజులూ చోలెంగ్ చెల్లెలి ఊరు పోయేది. ఈసారి చెల్లెలితో గొడవపడి ఉండిపోయింది. పొరుగున ఉన్న ఆలింగ్ బెబాంగ్ ఈసారి పబాసా తన వాకిట్లోనే పెట్టింది. ప్రభువు పడ్డ కష్టాల్ని రేయింబవళ్ళు ఆపకుండా వంతులేసుకుని పాడాలి. పందిరి వేశారు, లౌడు స్పీకరు కట్టారు. గొంతు చోలెంగ్‌దే కాబట్టి మైకు ఆమె చేతికిచ్చారు. పాడేవాళ్ళ కోసం ఆమె పొయ్యి మీద అల్లం కషాయం పెద్ద కుండతో మరుగుతోంది. తడి బొగ్గులు కావడంతో పొగ బారులు తీరి పట్టాలు దాటుతోంది.

గురువారం సాయంత్రం. పాటలో ప్రభువు శిలువ మోస్తూ రెండోసారి పడబోతున్నాడు. వాకిలి నిండా జనం, ఒకే రాగం. నాలుగున్నర అయింది. గరిటెలు మోగలేదు, గ్లాసులు వణకలేదు. అయినా పాడేవాళ్ళందరూ పద్యం మధ్యలో, నోళ్ళు తెరుచుకుని, ఠక్కున ఆగిపోయారు. ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళ ఒళ్ళు అది, దానంతటదే ఆగింది. రైలు రాలేదు, రైలు పట్టేంత నిశ్శబ్దం మాత్రం వచ్చింది. ఒక్కొక్క బోగీ చొప్పున ఖాళీగా మా ముందునుంచి పోవడం మొదలుపెట్టింది.

ఎదురు గుమ్మంలో దెన్సియో కనిపించాడు. ముక్కలుగా కాదు, మొత్తం మనిషి. నోరు తెరిచాడు. ఇటు చోలెంగ్ కూడా తెరిచింది. ఇద్దరూ ఒకేసారి అరిచారు. తేడా ఒక్కటే, ఆమె చేతిలో మైకు ఉంది.

"సరే అన్నానుగా దెన్సియో! ఎన్నాళ్ళురా పెళ్ళి పెళ్ళి అని అరుస్తావు? మగాడివైతే పట్టాలు దాటి రా!"

లౌడు స్పీకరు ఆ మాటను స్టేషను దాకా మోసుకెళ్ళింది. దెన్సియో మాట కొంచెం పొడవు. ఆమెది అయిపోయాక దాని తోక ఒక్కటే గాలిలో మిగిలింది.

"...ఆ పొగ అటు తిప్పవే తల్లీ, నా పావురాలు దగ్గి దగ్గి చస్తున్నాయి!"

చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి, మొహం మీదికొచ్చే పొగను అణుస్తున్నాడు.

ముందు ఒక పిల్ల నవ్వింది. తరవాత పందిరి మొత్తం కూలినట్టు నవ్వింది. "ప్రభువు శిలువ మోస్తుంటే మధ్యలో నీ పెళ్ళేంటే చోలెంగ్!" అని బెబాంగ్ పొట్ట పట్టుకుంది. "శుభలేఖలు పావురాలతో పంపిస్తావా వదినా?" అన్నాడెవరో. దెన్సియో గుమ్మం మూసుకున్నాడు.

చోలెంగ్ మైకు దించలేదు. రైలు పోయేంతసేపు ఆగింది, అంటే రాని రైలు. తరవాత పద్యం తెగిన అక్షరం దగ్గరే అందుకుని, ప్రభువును రెండోసారి కిందపడేసి, మళ్ళీ లేపి, చివరిదాకా పాడి ముగించింది. అప్పుడు లేచి కుండలో కషాయం పొయ్యిలో గుమ్మరించి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

శుక్రవారమంతా తలుపు తెరవలేదు. రైళ్ళు లేని సందులో ఏ గురక ఎవరిదో, ఎవరి మొగుడు ఏమని తిడతాడో అందరికీ తెలిసిపోయింది. ఆ ఇంట్లోంచి మాత్రం ఏ చప్పుడూ లేదు. నేను గంజి తీసుకెళ్తే తలుపు సందులోంచి గిన్నె అందుకుంది. అల్మారా మీద బాల యేసు మధ్యలోనే కదలకుండా నిలబడున్నాడు. "ఈయనకీ పోవడానికి చోటు లేదు. శివార్లలో ఇళ్ళు ఇంకా మిగిలున్నాయేమో కనుక్కోవే అమ్మాయ్," అంది.

శనివారం పొద్దున్న దెన్సియో పట్టాలు దాటాడు. భుజం మీద కొత్త రేకు గొట్టం, మోకాలులా వంచినది. సందు సందంతా వాకిళ్ళు ఊడవడం మొదలుపెట్టింది. అతను తలుపు కొట్టి, చెప్పుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. "ఏంటది?"

"గొట్టం. పొయ్యికి."

"ఎవడు రమ్మన్నాడు నిన్ను?"

"నువ్వే. మైకులో."

"అది... అది వేరే మాట!"

"నాకు వినపడింది అంతే చోలెంగ్. పట్టాలు దాటి రమ్మన్నావు. వచ్చాను." గొట్టం భుజం మార్చుకుని, "ఇన్నేళ్ళనుంచి నువ్వూ అరుస్తుంటే తిడుతున్నావనుకున్నా," అన్నాడు.

"తిట్లు కూడా ఉన్నాయిలే," అంది చోలెంగ్ పక్కకు జరుగుతూ. "చెప్పులు బయట."

అతను ఆ పూటంతా సుత్తితో కొడుతూ గొట్టం బిగించాడు. ఇద్దరూ మాట్లాడుకున్నట్టు ఎవరికీ వినపడలేదు, చీపుర్లన్నీ ఎంత మెల్లగా ఊడ్చినా.

ఆదివారం రైళ్ళు మొదలయ్యాయి. నాలుగున్నరకు నేను ఆమె గుమ్మంలో కూర్చునున్నాను. గరిటెలు మోగాయి. ఆమె పొయ్యిని లోపలికి లాగింది. పొగ గొట్టంలోంచి నిటారుగా పైకి, ఎవరినీ దగ్గించకుండా, రేకుల కప్పు దాటి పోతోంది. రైలొచ్చింది. బోగీల సందుల్లో దెన్సియో తెరిచిన నోరు, ఎగిరిన చెయ్యి, అరచెయ్యి కిందికి, మళ్ళీ నోరు. ఇటు చోలెంగ్ పుల్ల ఊపుతూ ఏదో జవాబు అరిచింది. నాకు నవ్వుతున్న ఆమె పళ్ళు తప్ప ఏమీ తెలియలేదు.

రైలు పోయింది. బాల యేసు అల్మారా మీద ఇంత ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

ఆమె బొమ్మను వెనక్కి నెట్టలేదు. అరటికాయ ఒకటి చక్కెరలో పొర్లిస్తూ నావైపు జాలిగా చూసింది.

"పొగ పైకి పోతోంది కదే అమ్మాయ్. ఇంక అరవడానికి ఏం మిగిలింది చెప్పు?"