చుక్కలు కనిపించే కప్పు

నా చిన్నప్పుడు మా మేడమీద రెండు పండుగలు ఒకే పున్నమికి కలుసుకున్నాయి. వానలు వెనకపట్టే ఆ పున్నమికి యాంగన్ నగరంలో మేముండే పబేడాన్ పేట వీధులన్నీ దీపాలతో నిండిపోతాయి. మా కింది వాటాలోని బర్మా కుటుంబం మెట్ల మీద కొవ్వొత్తులు వరసగా నిలబెట్టేది. ఆ ఇంటి చిన్నవాళ్ళంతా పెద్దవాళ్ళ ముందు మోకరించి, ఏడాదిలో తెలిసీ తెలియక చేసిన తప్పులకు మన్నింపు అడిగేవారు. దాన్ని గడో అంటారు. మేము తెలుగు బాప్టిస్టులం గనుక మాకు ఆ పండుగ లేదు. మెట్ల మీద నిలబడి చూడటం మాత్రం ఉండేది.

ఆ ఏడు మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, ఆకుల పాక వేసుకుని అందులో కూర్చుని తినే గుడారాల పండుగ చేద్దామంది. అది యూదుల పండుగ కదమ్మా అన్నారు పాస్టరుగారు. "దేవుడు ఆలకి చెప్తున్నప్పుడు మనం చెవులు మూసుకోవాలేటి బాబూ?" అంది మామ్మ. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆమె మనసులో ఏముందో అప్పుడు నాకు తెలియదు. మా తాతయ్య బతికినంతకాలం నది అవతల ఇళ్ళకు దని ఆకు కప్పులు వేసేవాడు. దని అంటే ఉప్పునీటి కాలవల్లో పెరిగే ఓ తాటి జాతి మొక్క. ఆయన పోయే ముందు మేమున్న పక్కా వాటా మా నాన్న పేర పెట్టాడు. పెదనాన్నకు నది అవతలి ఆకుల ఇల్లు మిగిలింది. అక్కడ మొదలైంది. పెద్దకొడుకుని నేనుండగా అని ఆయన, అడిగి తీసుకోలేదు కదా అని ఈయన. చివరికి ఒకరి గడప ఒకరు తొక్కకూడదని ఒట్లు పెట్టుకున్నారు. మామ్మ మాతోనే ఉండేది. శనివారం శనివారం పడవెక్కి పెద్దకొడుకు ఇంట భోంచేసి వచ్చేది. ఆ వానాకాలంలో ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఇక పడవ ఎక్కలేనని ఆమెకు తెలిసిపోయింది. కొడుకులిద్దరితో ఒక్క చాప మీద కూర్చుని అన్నం తినాలన్నదే ఆమె కోరిక. చాప వేయడానికి చోటే లేదు. ఏ గది చూసినా ఎవరో ఒకరి గడప దాటాలి.

మేడ పైభాగం మాత్రం ఎవరిదీ కాదు. అందరూ బట్టలు ఆరేసుకునే చోటది.

మామ్మ ఇద్దరికీ విడివిడిగా కబురు చేసింది. నాకు పండుగ పాక కావాలి, కప్పులో సగం నువ్వు వెయ్యి అని. ఆ రెండో సగం సంగతి ఎవరితోనూ అనలేదు. పండుగనాటి మధ్యాహ్నం పెదనాన్న ఆకుల మోపు భుజాన వేసుకుని, తన కొడుకుతో కలిసి మా తలుపు ముందునుంచే మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఆ అబ్బాయి నాకంటే కొంచెం పెద్ద, నాకు అన్నయ్య. పైన వెదురు గుంజలు నిలిపిన పాక దగ్గర, మామ్మను మెల్లగా మెట్లెక్కించి తెచ్చిన మా నాన్న అప్పటికే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మామ్మ వైపు తిరిగారు. మామ్మ ప్రార్థన చేసుకుంటున్న దానిలా కళ్ళు మూసుకుంది.

తల్లి అడిగిన పని కాదనలేక ఇద్దరూ చెరో పక్క మొదలుపెట్టారు. అన్నయ్యా నేనూ ఆకులందించాం. వాళ్ళ చేతులకు తాతయ్య నేర్పిన కప్పు ఒక్కటే వచ్చు. ఆకు మీద ఆకు ఒత్తుగా పడాలి, యాంగన్ వాన ఎంత కురిసినా లోపలికి చుక్క రాకూడదు. పైగా పంతం. ఆయన ఒక వరస వేస్తే ఈయన రెండు. సాయంత్రానికి ఆ చిన్న పాక మీద ఓ గోదాముకు సరిపడా కప్పు లేచింది. ఇద్దరూ చెమట తుడుచుకుంటూ తల్లి మెచ్చుకోలు కోసం నిలబడ్డారు.

మామ్మ లోపలికి వచ్చి పైకి చూసింది. "చుక్కలేయిరా?"

"చుక్కలేటమ్మా?"

"ఈ పాకలోంచి సూత్తే ఆకాశం అవుపించాలి. మీరు పెట్టికి మూత బిగించీసేరు. పీకండి."

అంత బాగా కట్టినదాన్ని పీకడం కట్టడం కంటే కష్టమైంది. ఒక్కరివల్ల కాలేదు. పెదనాన్న స్టూలెక్కాడు. స్టూలు ఊగింది. "పట్టుకో" అన్నాడు, ఎవరినీ చూడకుండా. మా నాన్న పట్టుకున్నాడు. ఒట్లు పెట్టుకున్నాక వాళ్ళ మధ్య మొదటి మాట అదే.

చీకటి పడే వేళకి చాప పరిచాం. గోంగూర రొయ్యలు, పప్పుచారు. మామ్మ ప్రార్థన చేసి, ఐగుప్తు దేశంలో బానిసత్వం నుంచి బయటపడి ఎడారిలో తిరిగిన జనం కథ చెప్పింది. గోడల్లేని చోట వాళ్ళను దేవుడే కాచాడని, ఆ తర్వాత వాళ్ళకు గట్టి ఇళ్ళు వచ్చినా ఏటా ఓ వారం అవి వదిలి ఆకుల పాకల్లో ఉండమన్నాడని. "నేకపోతే గోడే మనల్ని కాసిందనుకుంటాం" అంది. అదంతా నేను ఆదివారం బడిలో వల్లెవేసి బహుమతి కూడా తెచ్చుకున్నాను. నాకేమీ తెలియదని కాసేపటికే తెలిసింది.

పప్పుచారులో ఒక చినుకు పడింది. తర్వాత నాలుగు. మా నాన్న లేచి, కిందకి పదండి అన్నాడు. పెదనాన్న చెప్పుల కోసం చెయ్యి చాచాడు. కిందకి వెళ్తే ఆయన మా గడప తొక్కడు, నేరుగా పడవ రేవుకే పోతాడు. ఆ చాప మళ్ళీ ఎవరూ వేయలేరు.

"కూకోండి," అంది మామ్మ. "ఎవలూ నెగవొద్దు."

"తడిసిపోతావమ్మా."

"మీ అయ్య కప్పు కింద ఇన్నేళ్ళు తడవకండా బతికేం. ఏటి బాగుపడ్డాం? ఒక్కపాలి తడుద్దాం."

వాన పెరిగింది. పెదనాన్న కూర తెచ్చిన పళ్ళెం ఎత్తి తల్లి తలమీద పట్టుకున్నాడు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. ఆయన కంచంలో అన్నం మీద చినుకులు పడుతున్నాయి. మా నాన్న కాసేపు చూశాడు. తర్వాత అన్నం గిన్నె మూత తీసి అన్న కంచం మీద అడ్డంగా పట్టాడు. తను మాత్రం జుట్టులోంచి నీళ్ళు కారుతూ కూర్చున్నాడు. మామ్మ అంత నెమ్మదిగా అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. మెతుకు మెతుకూ నమిలింది.

"బేగి తినీవే అమ్మా, చేతులు పడిపోతన్నాయి," అన్నాడు పెదనాన్న. మా నాన్న పక్కున నవ్వాడు. ఆపుకోలేక పెదనాన్న కూడా.

వాన వెలిసేసరికి ఆకుల సందులోంచి చంద్రుడు మా చాప మీదికే వచ్చాడు. కిందినుంచి బర్మా పిల్లలు గడో చేస్తున్న గొంతులు వినిపించాయి. మా నాన్న ఉన్నట్టుండి తడి లుంగీతోనే అన్న ముందు మోకరించి, వాళ్ళలాగే చేతులు జోడించాడు. "ఏటిదిరా, మనం బాప్టిస్టులం, నెగు," అంటూ పెదనాన్న వంగాడు, కానీ లేపలేదు. తమ్ముడి పక్కనే ఆ తడిలో కూలబడి, వాడి తలను తన భుజానికి ఆనించుకున్నాడు. అప్పటికే ఆ రాత్రి ఆఖరి పడవ వెళ్ళిపోయింది. మా గడప ముందు మామ్మ ఆగి, "నువ్వు లోపలికెళ్తేనే నేనెళ్తాను," అంది పెద్దకొడుకుతో. మా ఇంటి నేలమీద ఆయన తడి అడుగులను మా అమ్మ తెల్లారేవరకు తుడవలేదు.

అప్పటిదాకా పరిశుద్ధత అంటే ఆదివారం వేసుకునే తెల్లచొక్కా అనుకునేవాణ్ణి. విశ్వాసమంటే కంఠతా వచ్చిన వాక్యం. కారే కప్పు కింద లేవకుండా కూర్చోవడం, తాను తడుస్తూ పక్కవాడి కంచానికి మూత పట్టడం, ఇవి ఆ జాబితాలో లేవు.

నేర్చుకున్నదంతా నిలుపుకున్నానని చెప్పలేను. నేనిప్పుడు మా చర్చికి సంఘపెద్దను. గుడి ఆవరణలో ఏటా పాక వేయించేది నేనే, పిల్లలకు మామ్మ మాటలు చెప్పేదీ నేనే. అదే నోటితో, తన కూతురి పెళ్ళికి పిలుపు అందరికంటే ఆలస్యంగా పంపాడని, ఆనాడు నాతో ఆకులందించిన అన్నయ్య ఇంటికి వెళ్ళడం మానేశాను. లైంగ్‌థార్యార్‌లోని ఆ ఇల్లు ఎంత దూరం? ఒక బస్సు. నా కప్పు నేను బిగించుకుని, లోపల పొడిగా కూర్చున్నాను. పొడిగా ఉండటమే నీతిగా ఉండటం అనుకున్నాను.

ఈ ఏడు పాక వేస్తుంటే తల పైకెత్తి చూశాను. ఎక్కడా ఆకాశం లేదు. ఫోను తీసి అన్నయ్యకు చేశాను. ఏమనాలో తోచక, పాక వేస్తున్నాను అన్నియ్యా అన్నాను.

 అన్నయ్య అడిగాడు, "కప్పు కారతాదేటిరా?"

"నువ్వొచ్చి స్టూలు పట్టుకుంటే కారతాది," అన్నాను.

"అయితే పట్టుకుంటాన్లే. నేనొచ్చీదాకా ఎక్కకు," అన్నాడు.