ఒడ్డు కొస

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలు సామర్లకోటలో మా ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం పక్కనున్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టేదో రాసుకుంటోంది. నేను దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఉన్నట్టుండి అది ఒక పేరా మొదట్లో మౌస్ నొక్కిపట్టి కిందికి లాగింది, అంతే, అక్షరాల మీద రంగు పాకింది, పేజీలు ఒకదాని వెనక ఒకటి కళ్లు తిరిగిపోయేలా పైకి పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఒళ్లో గిన్నె కింద పడ్డది కూడా చూసుకోకుండా ఆపవే ఆపు అని కేకేశాను. పిల్ల బిత్తరపోయి చెయ్యి తీసేసి, "ఏంటి మామ్మా, పాము కనబడిందా?" అంది. పాము కనబడితే కర్ర కోసం వెతికేదాన్ని, ఇలా కేకలు పెట్టేదాన్ని కాదు. కింద పడ్డ కాయలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

టైపు మిషను మీద అక్షరాలు నేర్చుకుని, సగం సర్వీసు అయ్యాక కంప్యూటరు ముందు కూర్చోవలసి వచ్చిన నా ఈడువాళ్లకి ఈ భయం చెప్పకపోయినా అర్థమవుతుంది. టైపు మిషను ఎంత మొండిదైనా కొట్టిన అక్షరాన్ని కొట్టిన చోటే ఉంచేది. తప్పు పడితే పడేది గాని, కాగితం మన చేతిలోంచి లేచి పారిపోయేది కాదు.

మాది ఉప్పాడ పక్కన చేపలు పట్టేవాళ్ల పేట. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి చేపలమ్మేది. అలాంటివాళ్ల కడుపున పుట్టి నేను మాత్రం కెరటం చూస్తే జడుసుకునేదాన్ని. గంగమ్మ ఇంట పుట్టి నీళ్లకి భయపడే పిల్లని మీరెక్కడైనా చూశారా అని అమ్మ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి నవ్వేది. ఆ భయమే నన్ను చదివించిందని నా అనుమానం. టైపు లోయరూ హయ్యరూ పాసై, రెండూళ్ల అవతల ఒక చిన్న సర్కారు ఆఫీసులో ఉద్యోగం దొరికితే, నాలుగు గోడల మధ్యకి సముద్రం రాదు కదా అని నాకు కొండంత ధైర్యం వచ్చింది.

నాన్న సంగతి కూడా చెప్పాలి. మా వైపు అలివి వల అని పెద్ద వల ఉండేది, దాన్ని ఒడ్డు మీద నుంచే లాగేవారు. దాని తాడు ఒక కొస ఒడ్డున ఉన్నవాళ్ల చేతికిచ్చి, పడవ వలని వదులుకుంటూ సముద్రంలోకి వెళ్లి, చుట్టు తిరిగి, రెండో కొసని ఇంకోచోట ఒడ్డుకి చేరుస్తుంది. రెండు కొసలూ ఒడ్డుకొచ్చాకే లాగడం. మోకాళ్ల నొప్పులొచ్చి పడవెక్కడం మానేశాక నాన్న ఎప్పుడూ ఆ మొదటి కొస దగ్గరే ఉండేవాడు. నడుముకి తాడు చుట్టుకుని, మడమలు ఇసకలో దిగేసి, పడవ ఎంత దూరం పోయినా సరే అలాగే నిలబడేవాడు. ఒడ్డు కొస పట్టుకున్నవాడు కదిలితే వల వంకరపోతుందట. అలా నిలబడీ నిలబడీ ఆయనకి కదలకపోవడమే స్వభావమైపోయింది. గాలివాన వస్తుందని పేటంతా మూటలు కట్టుకున్నా, ఆయన గుమ్మంలో కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఉండేవాడు. ఆ మొండితనం ఏదో ఒకనాడు ప్రాణం మీదికి తెస్తుందని నా భయం.

మా ఆఫీసుకి కొత్త కంప్యూటరు వచ్చిన ఏడాదే ఆ తుఫాను వచ్చింది. పాత కంప్యూటరు ఎద్దుబండిలాగా నడిచేది, పేజీ కిందికి జరపాలంటే మన ఓపికే అయిపోయేది. కొత్తది అలా కాదు. మౌస్ నొక్కిపట్టి రాతని వరసగా నల్లబరుచుకుంటూ తెర అడుగుకి వెళ్లామా, ఇక మన మాట వినేది కాదు. ఒక్క పేరా కావాలంటే పది పేజీలు నల్లబడేవి, పోనీ అని వెనక్కి తిప్పితే మొదలు దాటి పైకి పోయేది. మామూలు రోజుల్లో అది నవ్వులాటగానే ఉండేది.

ఆ మధ్యాహ్నం నవ్వులాట కాలేదు. పొద్దుటినుంచీ ఈదురుగాలి, కరెంటు లేదు, యూపీఎస్ మీద కంప్యూటరూ ప్రింటరూ మాత్రం నడుస్తున్నాయి. తీరం పేటలన్నీ ఖాళీ చేయించడానికి ఏ పేటవాళ్లు ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో, ఏ ఇళ్ల వరసలో ముసలివాళ్లని ఏ బండి ఎక్కించాలో, అంతా ఒకే పెద్ద ఫైలుగా నేనే కొట్టాను. మా పేటవాళ్లని సముద్రం వైపున్న బడికి వెళ్లమని అంతకుముందే మైకులో చెప్పించారు. ఇంతలో పైనుంచి ఫోను వచ్చింది. బడి దారిని కెరటాలు కోసేస్తున్నాయి, మా పేటవాళ్లని అటు వెళ్లనివ్వకుండా లోపలికి, తుఫాను షెల్టరుకి తిప్పమని. ఆ మార్పులు ఫైల్లో ఎక్కించాను. ఇక మా పేట భాగం ఒక్కటీ విడిగా తీసి, అచ్చు వేసి, ముద్ర కొట్టి, బయట వానలో నిలబడ్డ మైకు ఆటోవాడి చేతికివ్వాలి.

నోటిమాటగా చెప్పి పంపితే సరిపోదా అనుకుంటారేమో. ఒకసారి బడికి పొమ్మని, గంట తిరక్కుండా వద్దంటే మావాళ్లు వింటారా? ఆటోవాడికేం తెలుసని తగువుకి దిగుతారు. ముద్ర ఉన్న కాగితం చూసి చదివితేనే నమ్ముతారు. పోనీ పేజీలు పేజీలుగా అచ్చు వేద్దామంటే, పైనా కిందా పక్క పేటల సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాళ్లది వేరే దారి. ఒకరి దారి ఒకరికి చదివితే ఇంకేమన్నా ఉందా.

మా పేట భాగం ఒక పేజీ అడుగున మొదలై, మూడు పేజీల అవతల ఎక్కడో ముగుస్తుంది. పేరు దగ్గర మౌస్ నొక్కిపట్టి కిందికి జరిపాను. పేజీ పరుగెత్తింది. మా పేటా దాటింది, దాని కిందదీ దాటింది. తాడు చేతిలోంచి జారిపోతుంటే గుండెకేసి లాక్కోవడం మాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కదా, నేనూ మౌస్‌ని గట్టిగా పట్టుకుని నావైపుకి లాక్కున్నాను. నావైపుకి లాగడమంటే బాణం గుర్తు ఇంకా కిందికి దిగడమేనని, అది తెర అడుగు దాటి ఎంత దిగితే పేజీ అంత జోరుగా పారుతుందని ఆ నిమిషంలో నాకు తోచలేదు. భయపడ్డకొద్దీ లాగాను, లాగినకొద్దీ అది ఉరికింది. బ్యాటరీ అయిపోవస్తోందని యూపీఎస్ కుయ్యి కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది.

మా పెద్ద గుమస్తాగారు నా కుర్చీ వెనకే నిలబడ్డారు. రోజూ మాకు నిదానమే ప్రధానమని చెప్పే మనిషి, ఆవేళ ఆలస్యం అమృతం విషం అంటూ నా తల మీద జపం చేస్తున్నారు. "ఏంటమ్మా ఇది, ఆగదేంటి? బ్రేకుల్లేవా దీనికి?" అన్నారు. ఆ కంగారులో నా వేలు ఏ మీట మీద పడిందో, నల్లగా ఉన్నదంతా ఒక్కసారి మాయమైపోయి, పైనున్న పేట ఆఖరి మాట కింద ఒంటరిగా ఒక్క అక్షరం మిగిలింది.

మా పేట లేదు, మా వీధి లేదు, మా అమ్మా నాన్నా ఎటు వెళ్లాలో చెప్పే మాటలు లేవు. కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కితే పోయింది తిరిగొస్తుందని ట్రైనింగులో చెప్పింది ఎలాగో గుర్తొచ్చి నొక్కాను, దేవుడి దయవల్ల అంతా తిరిగొచ్చింది. కాని మళ్లీ మౌస్ ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. కళ్లు మూసుకుంటే నాన్న గుమ్మంలో కూర్చుని కనబడుతున్నాడు. కాదు, గుమ్మంలో ఉన్నా నయమే, ఈసారి బుద్ధిగా మాట విని బడికేసి బయల్దేరి ఉంటేనో?

అలా నాన్ననే తలుచుకుంటుంటే, ఇసకలో మడమలు దిగేసి నిలబడ్డ ఆయన కాళ్లు కళ్ల ముందుకొచ్చాయి. ఒడ్డు కొస కదలదు. లాగడం రెండో కొస ఒడ్డుకొచ్చాకే. షిఫ్టు మీట సంగతి కూడా ట్రైనింగులో చెప్పే ఉంటారు, అప్పుడది నా తలకెక్కలేదు. మా పేట పేరు మొదటి అక్షరం ముందు ఒక్కసారి నొక్కి, మౌస్ మీట వదిలేశాను. ఏదీ పట్టుకోకుండా, ఏదీ లాగకుండా, తెర పక్కనున్న పట్టీ మీద చిన్నగా నొక్కుకుంటూ పేజీని ఒక్కొక్క వరసే దించాను. పెద్ద గుమస్తాగారు వెనకాల ఉస్సురంటూనే ఉన్నారు. మా పేట ఆఖరి మాట కనబడింది. షిఫ్టు నొక్కిపట్టి దాని చివర ఒక్క నొక్కు నొక్కాను. ఆ మొదలు నుంచి ఈ చివరిదాకా, ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా లేకుండా, మా పేట మొత్తం నల్లగా నిలబడింది. దాన్ని కొత్త పేజీలో పెట్టి అచ్చుకిచ్చాను. ప్రింటరు గీకుతున్న ఆ కాసేపూ యూపీఎస్ మీద చెయ్యేసి, పసిపిల్లని ఊరుకోబెట్టినట్టు ఊరుకో ఊరుకో అన్నాను. కాగితాలు చేతికొచ్చాయి, ముద్ర పడింది, ఆటో కదిలింది, ఆ వెనకే కంప్యూటరు ఆరిపోయింది.

ఆ తరవాత రోడ్లు మూసేశారు. ఆ రాత్రి ఆఫీసులో గడిపిన భయం నేను చెప్పలేను. తెల్లారాక గాలి తగ్గితే, పడిపోయిన చెట్లు దాటుకుంటూ షెల్టరుకి పరుగెత్తాను. అన్ని మొహాల్లో ఆయన మొహం వెతుక్కుంటూ వెళ్తే, ఒక స్తంభానికి ఆనుకుని, తడిసిన కండువా నెత్తినేసుకుని, అమ్మ మీద విసుక్కుంటూ కనబడ్డాడు. వల వదిలేసి వచ్చామని ఆయన బాధ. నన్ను చూసి, "అన్నం తిన్నావా అమ్మా?" అన్నాడు. నేను భోరుమన్నాను. బడికేసి సగం దూరం వెళ్లాక ఆటో ఎదురొచ్చిందని, ముద్ర కాగితం చూపించి మన వరస పేరు పెట్టి మరీ చదివితే వెనక్కి తిరిగామని అమ్మ చెప్పింది. ఆ సాయంత్రానికే బడి దారి సముద్రంలో కలిసిపోయిందట.

కొన్నాళ్ల తరవాత నాన్నకి ఇదంతా వివరంగా చెబితే ఆయనకి అందులో వింతేమీ కనబడలేదు. "రెండో కొస ఒడ్డుకి తేకుండా నడిసంద్రంలో లాగితే వల చేతికొస్తుందేంటి, పిచ్చిదానా?" అని నవ్వేశాడు.

పిల్లకి చిక్కుడుకాయలు ముందేసుకుని ఈ కథంతా చెప్పి, షిఫ్టు పట్టుకుని నొక్కడం చూపించాను. అది తనకెప్పుడో తెలుసు, తొందరలో లాగేసిందంతే. దానికి తెలియనిది అలివి వల. ముత్తాత నిలబడిన చోటు చూపించమని పట్టుబట్టింది. సాయంత్రం బస్సెక్కి ఉప్పాడ వెళ్లాం. నాన్న పోయి చాలా ఏళ్లయింది. మా పేట ఇళ్లు ఒక్కొక్క వరసే సముద్రం తీసుకుపోయింది, ఉన్నవాళ్లు లోపలికి జరిగారు. ఒడ్డున వేసిన బండరాళ్ల మీద నిలబడి, ఎక్కడ మామ్మా, ఈ రాళ్ల దగ్గరేనా అని అడిగింది. కాదన్నాను. అదిగో ఆ రెండో కెరటం విరుగుతోందే, అక్కడ నిలబడేవాడన్నాను. అది అటే చూస్తూ ఇంకో రాయి ముందుకి దిగింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకుని నావైపుకి లాక్కున్నాను. కెరటమంటే నాకు ఇప్పటికీ భయమే.