మనిషి నుంచి నమూనా: ఒకటి

ఆ పశువైద్య ల్యాబులో వెనకవైపు గదిలో పనిచేసే ఆవిడను అందరూ పేగులక్క అనేవారు. గేటు కాపలాదారు ఎగతాళికి పెట్టిన పేరు అది. పందొమ్మిదేళ్లలో ఎంతగా అతుక్కుపోయిందంటే, జీతాల గుమాస్తా ఓసారి అసలు పేరు గుర్తురాక ఫోను చేసి ఆవిడనే అడిగాడు.

అడవిలో చచ్చిన తోడేళ్లు, రోడ్డు మీద లారీల కింద పడినవి, వాటి పేగులు సంచుల్లో ఆవిడ దగ్గరికి వచ్చేవి. పేగును బల్ల మీద బారుగా పరిచి, కత్తెరతో నిలువునా చీల్చి, గాజు పలకతో గీకి, వచ్చినదంతా జల్లెడలో వేసి కడగాలి. బారెడు పొడవుండే బద్దెపురుగులు కంటికే కనిపిస్తాయి. గండమంతా పొట్టివాటితోనే. నువ్వుగింజ కంటే కాస్త పొడుగు, అంతే. ఒక్కో తోడేలు కడుపులో వేలకొద్దీ ఉంటాయి, దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వాటి గుడ్లు మలంతోపాటు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన జింక కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటి తిత్తులు లేస్తాయి. ఆ జింకను తోడేలు తింటే కథ మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డు మనిషి నోట్లోకి పోయిందా, మనిషీ జింకతో సమానమే.

అందుకే వచ్చిన పేగుల్ని ముందు పెద్ద ఫ్రీజరులో వారం రోజులు పెట్టేవారు. మామూలు మంచుకు ఆ గుడ్లు చావవు, ఆ పెద్ద ఫ్రీజరు చలికే చస్తాయి. ఒక చలికాలం ఆ ఫ్రీజరు ఆగిపోయింది. బాగుచేయడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ల్యాబు పెద్దసారేమో వచ్చే నెల మహాసభలో ప్రసంగించాలి, దానికి ఎన్ని తోడేళ్లలో పురుగులున్నాయో లెక్క తేలాలి.

"సార్, ఇవి పచ్చివి. గుడ్లు బతికే ఉంటాయి" అంది పేగులక్క.

"గ్లోవ్సున్నాయిగా. చెయ్యి తిరిగినదానివి, నువ్వే భయపడితే ఎలా?" అన్నాడాయన.

ముప్పయ్యొక్క తోడేళ్ల పేగులు అలాగే కడిగింది. గ్లోవ్సు చిరిగిన రోజులున్నాయి, కుళాయి నీళ్లు మొహం మీద చిందిన రోజులున్నాయి. పెద్దసారు సభ నుంచి మెడలో పతకంతో వచ్చి, అందరికీ తలా ఒక చాక్లెట్ పంచాడు.

ఆరేళ్ల తర్వాత కుడి డొక్కలో బరువు మొదలైంది. గ్యాసేమోలే అని నాలుగు నెలలు నెట్టుకొచ్చింది. ఆవిడ భర్త స్కూలు బస్సు డ్రైవరు. నెమ్మదస్తుడే కానీ, చివరికి ఓ రోజు పట్టుబట్టి స్కానింగుకు తీసుకెళ్లాడు. తెర మీద బత్తాయంత నల్లటి గుండ్రం కనిపించింది. డాక్టరు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే ఆవిడే అంది: "తిత్తి. లోపల పిల్లతిత్తులు కూడా వేసింది."

ఆపరేషనులో కార్జం మూడోవంతు తీసేశారు. బయట బెంచీ మీద కూర్చున్న భర్తతో డాక్టరు మాటవరసకు, ఇది ఎక్కువగా కుక్కల నుంచే వస్తుందని చెప్పాడు. వాళ్లింట్లో ఒక కుక్క ఉంది, నల్లోడు. అత్తగారి మంచం కిందే పడుకునేది, పాలన్నం తప్ప ఎరగదు. ఆ సాయంత్రమే ఆయన దాన్ని తీసుకెళ్లి చంపే సూది వేయించేశాడు. పేగులక్కకు ఈ సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. ఒక్క మాట అడిగి ఉంటే, దానికి పురుగుల మాత్ర వేస్తే సరిపోయేదని చెప్పేది. అప్పటి నుంచి అత్తగారు కొడుకుతో మాట్లాడటం మానేసింది. కోడలితో కూడా అవసరానికే.

రెండు నెలల సెలవయ్యాక ల్యాబుకు వెళితే, ఆసుపత్రి పంపిన సీసా ఆవిడ బల్ల మీదే ఉంది. తిత్తిలోని పిల్లపురుగుల సన్న కొక్కేల్ని గుర్తుపట్టగలిగేది అక్కడ ఆవిడొక్కతే కనుక ఎవరూ ముట్టుకోలేదు. రిజిస్టరులో ఏడో నంబరు వేసి, తన కడుపులోంచి తీసినదాన్ని తనే లెన్సు కింద పెట్టుకుంది. కుక్కల పురుగూ తోడేళ్ల పురుగూ చూపుకు ఒకటే. జన్యు పరీక్షలో మాత్రం విడివిడిగా తేలతాయి. ఆ పరీక్షకు పంపమని పెద్దసారును బతిమాలింది. పని వల్లే జబ్బు చేసిందని కార్మిక బోర్డులో అర్జీ పెట్టుకోవాలంటే అదే సాక్ష్యం. నమూనా పాడైపోయింది, పారేశామన్నాడాయన. బోర్డుకు రాసిన జాబులో మాత్రం, ఉద్యోగిని ఇంట్లో కుక్క ఉండేదని రాశాడు. అర్జీ వెనక్కొచ్చింది.

మరుసటి ఏడు పెద్దసారు వ్యాసం అచ్చయింది. గోడకు అంటించమని ఆ కాగితాలు ఆవిడ చేతికే ఇచ్చారు. చివరి పట్టికలో ముప్పయ్యొక్క తోడేళ్ల కింద ఇంకో వరస ఉంది. మనిషి నుంచి నమూనా: ఒకటి. నంబరు ఏడు. తోడేలు, జింకల్లో తిరిగే రకం.

కాగితాలు పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి నడిచింది.

"పారేశామన్న సీసా దొరికినట్టుందే, సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందులో నీ పేరు లేదు. నీ పరువు కోసమే తీసేశాను."

"పేరు లేకపోతేనేం, నంబరుందిగా. ఆ నంబరేసింది నేను."

రిజిస్టరు నకలూ వ్యాసమూ జతచేసి మళ్లీ అర్జీ పెట్టింది. పదకొండు నెలలు తిప్పి, ఆఖరికి జబ్బు పని వల్లే వచ్చిందని బోర్డు ఒప్పుకుంది. పెద్దసారుకు ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందని ఒక జాబు వెళ్లింది. ఆ నెలలోనే ఆయన ఇంకా పెద్ద ఆఫీసుకు పెద్దసారై వెళ్లిపోయాడు. ఆవిడకు కొత్త స్కానింగులో శనగగింజంత తిత్తి మరొకటి కనిపించింది. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర.

బోర్డు జాబు వచ్చిన రోజు భర్త వాకిట్లో బస్సు కడుగుతున్నాడు. చేతులు తుడుచుకుని జాబు రెండుసార్లు చదివాడు.

"అయితే నల్లోడు కాదా?" అన్నాడు.

"కాదు."

ఆయన జాబు మడిచి ఆవిడకిచ్చి, కడిగిన అద్దాన్నే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు. ఆవిడ లోపలికెళ్లి అత్తగారి మంచం పక్కన కూర్చుని, బోర్డు ఏం రాసిందో మొత్తం చదివి వినిపించింది. ముసలావిడ చివరిదాకా విన్నది.

"అది ఏ పాపం ఎరగదని నాకు అప్పుడే తెలుసమ్మాయ్. చెబితే వినేవాళ్లెవరు?" అని గోడవైపు ఒత్తిగిలింది.

పేగులక్క ఇంకాసేపు అక్కడే కూర్చుంది. బయట బకెట్టు చప్పుడు ఆగలేదు.